పల్లెల్లో సర్వేకి వెళ్తే జనం నిజమే చెబుతారా? ప్రాజెక్టు కోసం అడుగుతున్నాను

రాజనీతి_లావణ్య:

అందరికీ నమస్కారం. నేను హైదరాబాద్‌లో పొలిటికల్ సైన్స్ ఎంఏ రెండో ఏడాది చదువుతున్నాను. ఆఫ్రికా దేశాల్లో సైనిక పాలన గురించి మామూలు జనం ఏమనుకుంటున్నారు అన్నది నా ప్రాజెక్టు. మాలీలో 2020లో, బుర్కినా ఫాసోలో 2022లో, నైజర్‌లో 2023లో సైన్యం గద్దెనెక్కినప్పుడు జనం రోడ్ల మీదకొచ్చి జెండాలు ఊపిన వీడియోలు చూశాక ఇది తీసుకోవాలనిపించింది. ఆఫ్రోబారోమీటర్ అని ఒక సర్వే ఉంది, 1999లో మొదలైంది, తొమ్మిదో రౌండులో 39 దేశాలు తిరిగారు, డేటా ఎవరైనా ఉచితంగా దించుకోవచ్చు. నేను దాన్నే వాడుతున్నాను.

సెమినార్‌లో ఇది చెప్పగానే మా గైడ్ ఒకటే మాట అడిగారు. "తుపాకీ పట్టినవాడు రాజ్యమేలుతున్న దేశంలో ముక్కూ మొహం తెలియని మనిషి ఇంటికొచ్చి ట్యాబ్ తెరిచి సైనిక పాలన నీకు ఇష్టమేనా అంటే, నువ్వైతే ఏం చెబుతావు?" ఇంట్లో మా బాబాయ్ ఇంకో మెట్టు పైకెళ్లి, 2018లో తెలంగాణలో ప్రజాకూటమి గెలుస్తుందని చెప్పిన లగడపాటి సర్వే గుర్తుచేశారు. చివరికి టీఆర్ఎస్‌కి 88 సీట్లు వచ్చాయి కదా, సర్వేలన్నీ అంతే, వాటి మీద డిగ్రీ ఏంటి అంటున్నారు.

నాకు తేల్చుకోవాల్సినవి ఇవి. కోట్ల మంది ఉన్న దేశంలో ఈ సర్వేలోలాగా 1200 మందిని అడిగితే సరిపోతుందా? భయం ఉన్నచోట వచ్చిన జవాబుని ఎంతవరకు నమ్మొచ్చు? డబ్బులిచ్చేది బయటి దేశాలవాళ్లు కాబట్టి ఫలితం వాళ్లకు కావలసినట్టు ఉంటుందా? ఫీల్డ్‌లో పనిచేసినవాళ్లు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి, పుస్తకాల్లో రాసింది నేను చదువుకోగలను.

అనంత_ఫీల్డ్:

లావణ్య గారూ, మీ గైడ్ అడిగింది అసలైన ప్రశ్న. నాది అనంతపురం, సర్వే టీములకు సూపర్‌వైజర్‌గా పనిచేస్తాను. రాజకీయం, ఆరోగ్యం, పథకాలు, అన్ని రకాల సర్వేలూ చేస్తాం. ఆఫ్రికా సంగతి నాకు తెలియదు గానీ గుమ్మం ముందు జరిగేది ఎక్కడైనా ఒకటే అనుకుంటున్నాను.

గుమ్మంలో నిలబడగానే అవతలివాళ్లు ముందు చూసేది ప్రశ్నని కాదు, మనల్ని. ఎవరు పంపారు, ఏ పార్టీ, ఈ ట్యాబ్‌లో రాసింది ఎక్కడికి పోతుంది, రాస్తే ఏమొస్తుంది, రాయకపోతే ఏం పోతుంది. ఆంధ్రాలో వాలంటీర్లు ఇంటింటికీ ఫోను పట్టుకుని తిరిగిన ఐదేళ్లు అయ్యాక, చేతిలో ట్యాబ్ ఉన్న ప్రతి మనిషీ పింఛను ఇచ్చేవాడో తీసేసేవాడో అయిపోయాడు. తెలంగాణలో 2014 ఆగస్టు 19న సమగ్ర కుటుంబ సర్వే పెడితే, ఆ రోజు ఇంట్లో లేకపోతే పేరు పోతుందని ముంబై, సూరత్ నుంచి కూడా బస్సులు రైళ్లు పట్టుకుని జనం ఊళ్లకు వచ్చారు. సర్వే అంటే వాళ్ల మనసులో ఉన్నది అదీ. మేం "ఇది కేవలం పరిశోధన కోసమమ్మా" అని కార్డులో రాసింది చదివి వినిపిస్తాం, వాళ్లు తలూపుతారు, లోపల మాత్రం రేషన్ కార్డు గురించే ఆలోచిస్తుంటారు. అందుకే బండి ఉందా, పొలం ఎంత అనే ప్రశ్నలు ముందే పెడితే మిగతా ఇంటర్వ్యూ అంతా పాడవుతుంది, అవి చివర్లో అడగాలి.

రెండోది, ఒంటరిగా ఎవరూ దొరకరు. అరుగు మీద కూర్చుని ఒకరిని అడుగుతుంటే నలుగురు చేరతారు, వాళ్లలో వార్డు మెంబరు బామ్మర్ది ఒకడు ఉంటాడు. ఆడవాళ్లను అడిగితే "ఆయన్ని అడగండి, నాకేం తెలుసు" అంటారు. ఆ "నాకేం తెలుసు"ని "తెలియదు" అని టిక్కు పెట్టి లేచి వచ్చేవాళ్లు చాలామంది ఉన్నారు, అది నాకు చాలా కోపం తెప్పించే పని. ఆమెకి తెలుసు. ఊళ్లో నీళ్ల ట్యాంకు ఎందుకు నిండట్లేదో, ఎవరు తిన్నారో ఆమెకి తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. టీములో ఆడపిల్ల ఉండి, వంటగదిలోకి వెళ్లి కూర్చుని అడిగితే పావుగంటలో అంతా బయటికొస్తుంది.

కులం సంగతి ఇంకా కష్టం. మన దగ్గర ఇంటిపేరు వినగానే కులం తెలిసిపోతుంది. పై వీధి కుర్రాడిని ఎస్సీ కాలనీకి పంపి "మీ ఊళ్లో వివక్ష ఉందా" అని అడిగిస్తే "అబ్బే, అందరం కలిసే ఉంటాం సార్" అనే వస్తుంది. ఆ జవాబుని గ్రాఫు వేసి పేపర్లో అచ్చేస్తారు.

ఓటు ప్రశ్నకి మాత్రం ఒక మంచి పద్ధతి ఉంది. ఢిల్లీలోని పరిశోధన సంస్థ సీఎస్‌డీఎస్‌కి చెందిన లోక్‌నీతి వాళ్ల సర్వేల్లో ఓటు ఎవరికి వేశారని నోటితో చెప్పించుకోకుండా, గుర్తులున్న నమూనా బ్యాలెట్ కాగితం ఇచ్చి, టిక్కు పెట్టి మడిచి డబ్బాలో వేయమంటారు. పక్కన బామ్మర్ది ఉన్నా ఫరవాలేదు. ఇంకొకటి, వాళ్లు ఓటరు లిస్టు నుంచి పేర్లు ముందే తీసి ఇస్తారు, ఫలానా వాళ్లను వెతుక్కుని వెళ్లాల్సిందే. టీ కొట్టు దగ్గర దొరికిన పదిమందిని అడిగేసి వచ్చే సర్వేకీ దీనికీ పోలికే లేదు.

మీరు ఏ సర్వే వాడినా ఇన్వెస్టిగేటర్‌కి డబ్బు ఎలా ఇచ్చారో కనుక్కోండి. ఫారానికి ఇంత అని ఇచ్చి, రోజుకి ఇన్ని చేయాలని టార్గెట్ పెడితే, మధ్యాహ్నం ఎండకి చెట్టు కింద కూర్చుని సగం ఫారాలు తామే నింపేస్తారు. రోజు కూలీ లెక్కన ఇచ్చి, మళ్లీ వేరే మనిషి వెళ్లి అదే ఇంటిని సరిచూసే ఏర్పాటు ఉంటే ఆ బెడద చాలా తగ్గుతుంది. ఇప్పుడు ట్యాబ్‌లో టైమూ లొకేషనూ పడుతున్నాయి కాబట్టి పట్టుకోవడం తేలికైంది.

లెక్కల_మేడమ్:

అనంత_ఫీల్డ్ గారు చెప్పినదానికి చేతులెత్తి దండం. లెక్క వైపు నుంచి నేను చెబుతాను, డిగ్రీ కాలేజీలో స్టాటిస్టిక్స్ చెబుతాను.

లావణ్యా, దేశ జనాభాకీ శాంపిల్ సైజుకీ మనం అనుకునే సంబంధం లేదు. అందరికీ సమానంగా అవకాశం వచ్చేలా యాదృచ్ఛికంగా ఎంచుకుంటే, 1200 మందితో వచ్చే అంకె అసలు అంకెకి అటూ ఇటూ 2.8 శాతం లోపు ఉంటుందని 95 శాతం ధీమాగా చెప్పొచ్చు. దేశంలో మూడు కోట్ల మంది ఉన్నా ఇరవై కోట్ల మంది ఉన్నా దాదాపు అదే. ఆఫ్రోబారోమీటర్ కొన్ని దేశాల్లో 2400 తీసుకుంటుంది, అప్పుడు తేడా 2 శాతానికి తగ్గుతుంది. రెట్టింపు మందిని అడిగితే తప్పు సగం కాదు, సగం కావాలంటే నాలుగు రెట్లు అడగాలి. అందుకే లక్ష మందిని అడిగాం అని టీవీలో గొప్పగా చెప్పినప్పుడు నేను పట్టించుకోను. ఆ లక్ష మంది ఎలా దొరికారో చెప్పమంటాను.

కానీ 2.8 అనేది పుస్తకంలో అంకె. నిజానికి 1200 మందిని దేశమంతా విడివిడిగా తీయరు, ఖర్చు తట్టుకోలేరు. ఒక్కోచోట 8 మంది చొప్పున 150 చోట్లకి వెళ్తారు. ఒకే వీధిలో ఉన్న 8 మంది అభిప్రాయాలు కాస్త ఒకేలా ఉంటాయి కాబట్టి అసలు తప్పు ఇంకొంచెం ఎక్కువే ఉంటుంది. ఇంకా ముఖ్యం, ఒక రాష్ట్రం నుంచి వందమందే ఉన్నప్పుడు ఆ రాష్ట్రం గురించి విడిగా ఏమీ అనకండి, అక్కడ తేడా అటూ ఇటూ పది శాతం దాకా పోతుంది. ప్రాజెక్టుల్లో ఎక్కువమంది పిల్లలు పడే గొయ్యి ఇదే.

దీనికంటే పెద్ద సమస్య, ఎవరెవరు ఎక్కడున్నారో చెప్పే జాబితా. ఈ 150 చోట్లను జనాభా లెక్కల ఆధారంగా తీస్తారు. కాంగోలో, అంటే కిన్షాసా రాజధానిగా ఉన్న దేశంలో, చివరి జనగణన 1984లో జరిగింది. నైజీరియాలో 2006లో. మనకే 2011 తర్వాత లెక్కల కోసం ఇన్నేళ్లు ఎదురుచూడాల్సి వచ్చింది, ఈలోపు హైదరాబాద్ చుట్టూ ఎన్ని కాలనీలు పుట్టాయి! పాత జాబితాతో బయల్దేరితే కొత్తగా వలస వచ్చినవాళ్లు, బస్తీల్లో అద్దెకుండేవాళ్లు లెక్కలోకి రారు. పాపం వాళ్లే కదా గట్టిగా ఏదైనా చెప్పాల్సినవాళ్లు. నీ టాపిక్‌కి ఇంకో సంగతి కూడా ఉంది. ఘర్షణ నడుస్తున్న ప్రాంతాలకు టీములు వెళ్లలేవు, వాటి బదులు వేరే చోట్లు తీసుకుంటారు లేదా వదిలేస్తారు. మాలీలో సైన్యం గురించి అభిప్రాయం అడుగుతూ, సైన్యానికీ తిరుగుబాటుదార్లకీ మధ్య నలిగిపోతున్న ఊళ్లనే అడగలేకపోతే ఆ మాట ప్రాజెక్టులో స్పష్టంగా రాయాలి.

నల్లమల_గాలి:

ఇంత లోతుగా వెళ్లి ఏం లాభమండీ. 2024 లోక్‌సభకి ఎగ్జిట్ పోల్స్ దాదాపు అన్నీ ఎన్డీయేకి 350 దాటించాయి, కొన్ని 400 అన్నాయి, వచ్చింది 293. ఒక సంస్థ అధిపతి టీవీలో అందరి ముందూ ఏడ్చేశారు. మన మీదే మనకి అంచనా లేనప్పుడు ఆఫ్రికాలో ఎవరో 1200 మంది చెప్పింది పట్టుకుని ఆ దేశాలకు ప్రజాస్వామ్యం కావాలనో వద్దనో తేల్చేస్తారా? పైగా అమెరికా, స్వీడన్ డబ్బు. డబ్బిచ్చినవాడు అడిగించిన ప్రశ్నలే ఉంటాయి. మా ఊళ్లో జనాన్ని అడిగితే ప్రజాస్వామ్యం గురించి మాట్లాడరు, యూరియా గురించి మాట్లాడతారు.

లెక్కల_మేడమ్:

నల్లమల గారూ, సీట్లు అంచనా వేయడం, అభిప్రాయం కొలవడం రెండు వేర్వేరు పనులు. 2024లో ఆంధ్రాలో వైసీపీకి దాదాపు 39 శాతం ఓట్లు వచ్చాయి, సీట్లు మాత్రం 175లో 11. ఓట్ల శాతాన్ని రెండు మూడు అంకెల తేడాతో సరిగ్గా పట్టుకున్న సర్వే కూడా సీట్ల దగ్గర బోల్తా పడుతుంది. అభిప్రాయ సర్వేకి ఆ రెండో మెట్టే లేదు.

దూరదేశం:

నేను విదేశంలో పీహెచ్‌డీ చేస్తున్నాను, కంపారిటివ్ పాలిటిక్స్, అంటే వేర్వేరు దేశాల రాజకీయాలను పోల్చి చూడడం. ఈ డేటాతోనే రోజూ పని కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తాను.

ముందు యూరియా సంగతి. ఆఫ్రోబారోమీటర్‌లో ప్రతి రౌండులో "మీ దేశంలో ప్రభుత్వం పట్టించుకోవాల్సిన పెద్ద సమస్యలు ఏవి" అని అడుగుతారు, జాబితా చదివి వినిపించకుండా. జనం ఏది చెబితే అది రాసుకుంటారు. నిరుద్యోగం, ఆరోగ్యం, రోడ్లు, నీళ్లు, కరెంటు వస్తాయి. యూరియా గురించి మాట్లాడేవాళ్లకి ప్రజాస్వామ్యం గురించి అభిప్రాయం ఉండదనుకోవడం దగ్గరే నాకు అభ్యంతరం. మన దేశంలోనే 1990లలో లోక్‌నీతి డేటా చూశాక కదా, పేదలూ దళితులూ పై వర్గాలకంటే తక్కువేమీ కాకుండా, చాలాచోట్ల ఎక్కువగానే ఓటు వేస్తున్నారని తేలింది. చదువుకున్నవాళ్లే ప్రజాస్వామ్యాన్ని మోస్తున్నారనే నమ్మకాన్ని ఆ అంకెలు పగలగొట్టాయి. అడగకపోతే ఆ నమ్మకం ఇంకా నడుస్తూ ఉండేది.

డబ్బు గురించి. స్వీడన్, అమెరికా ప్రభుత్వాల విదేశీ సాయం సంస్థలు సిడా, యూఎస్ఏఐడీ, ఇంకా మో ఇబ్రహీం ఫౌండేషన్ లాంటివి ఇచ్చిన మాట నిజం. కానీ దీన్ని మొదలుపెట్టిన ముగ్గురిలో గ్యీమా-బోడి ఘనా మనిషి, రాబర్ట్ మాటెస్ అప్పుడు దక్షిణాఫ్రికాలో పనిచేస్తున్నారు, మైకేల్ బ్రాటన్ అమెరికా యూనివర్సిటీ నుంచి. కేంద్రం ఘనా రాజధాని అక్రాలో ఉంది, ఫీల్డ్ చేసేది ఆయా దేశాల్లోని సంస్థలే. నన్ను భయపెట్టేది ఇంకొకటి. 2025 మొదట్లో యూఎస్ఏఐడీ నిధులు ఆగిపోగానే, మన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (ఎన్ఎఫ్‌హెచ్ఎస్) ఏ కుటుంబానికి చెందిందో ఆ డీహెచ్ఎస్ అనే అంతర్జాతీయ ఆరోగ్య సర్వేల కార్యక్రమమే ఆగింది. పసిపిల్లల మరణాలు, తల్లుల ఆరోగ్యం లెక్కలు పదుల దేశాల్లో ఎక్కడివక్కడ నిలిచిపోయాయి. పేద దేశాల జనం మాట వినడానికి ఆ దేశాల్లోనే డబ్బు పుట్టాలి, మన దేశంలోనూ అంతే.

ఇక భయం. 1990 ఫిబ్రవరి 25న మధ్య అమెరికా దేశం నికరాగువాలో ఎన్నికలు. సాండినిస్టా అనే వామపక్ష పార్టీ ప్రభుత్వ అధ్యక్షుడు డానియెల్ ఒర్తేగా ఒకవైపు, ప్రతిపక్షాల కూటమి నుంచి వియోలెటా చమోరో ఇంకోవైపు. చాలా సర్వేలు ఒర్తేగాదే గెలుపన్నాయి. ఆమెకి దాదాపు 55 శాతం, ఆయనకి 41 శాతం వచ్చాయి. ఎన్నికలకు ముందు బిషోపింగ్, షుమన్ అనే ఇద్దరు పరిశోధకులు ఒక ప్రయోగం చేసి ఉంచారు. ప్రశ్నలు అవే, ఇన్వెస్టిగేటర్ చేతిలో పెన్ను మాత్రం మూడు రకాలు. ఒకటి ఒర్తేగా నినాదంతో ఎరుపు నలుపు పెన్ను, ఒకటి ప్రతిపక్షం రంగుల్లో నీలం తెలుపు, ఇంకొకటి ఏ గుర్తూ లేనిది. ప్రతిపక్షం పెన్ను పట్టుకుని అడిగితే చమోరో ముందుంది. ఎరుపు నలుపు పెన్నుతో ఒర్తేగా ముందున్నాడు. గుర్తు లేని పెన్నుతోనూ ఒర్తేగానే! మనం తటస్థంగా ఉన్నామని మనం అనుకుంటే చాలదు, అవతలి మనిషి మనల్ని ప్రభుత్వం మనిషిగానే చూస్తున్నాడు. అనంత_ఫీల్డ్ గారు ట్యాబ్ గురించి చెప్పిందీ ఇదే.

అదే నికరాగువాలో 2008 మున్సిపల్ ఎన్నికల తర్వాత ఇంకో పని జరిగింది, మనవాళ్లకి బాగా అర్థమవుతుంది. ఓటు కోసం మీకేమైనా ఇచ్చారా అని నేరుగా అడిగితే రెండు శాతం చిల్లర మంది అవునన్నారు. అప్పుడు ఓటర్లను రెండు గుంపులు చేశారు. మొదటి గుంపుకి ప్రచారంలో పార్టీలు చేసే మామూలు పనుల జాబితా ఇచ్చి, ఏవేవో చెప్పొద్దు, ఎన్ని జరిగాయో అంకె చెప్పండి చాలు అన్నారు. రెండో గుంపుకి అదే జాబితాలో "కానుకో సాయమో ఇచ్చారు" అన్నది ఇంకొకటి కలిపారు. ఎవరు ఏది ఒప్పుకున్నారో అడిగినవాడికి కూడా తెలియదు. రెండు గుంపుల సగటు మధ్య తేడా తీస్తే సుమారు 24 శాతం మందికి కానుకో సాయమో అందినట్టు తేలింది. మునుగోడులోనో మంగళగిరిలోనో నేరుగా అడిగితే ఎంతమంది ఒప్పుకుంటారో ఊహించుకోండి.

రాజనీతి_లావణ్య:

అందరికీ చాలా థాంక్స్, ఇంత వివరంగా వస్తుందనుకోలేదు. దూరదేశం గారూ, పెన్ను కథ మా గైడ్‌కి తప్పకుండా చెబుతాను. కానీ నా చేతిలో ఉన్నది అయిపోయిన సర్వే డేటా, పెన్ను ఏదో నేను మార్చలేను. మాలీ, బుర్కినా ఫైళ్లలో భయం ఉందో లేదో ఇప్పుడు ఎలా చూడాలి?

దూరదేశం:

చూడొచ్చు, ఫైలు చివరికి వెళ్లండి. ఇంటర్వ్యూ అయ్యాక "మమ్మల్ని ఎవరు పంపారనుకుంటున్నారు" అని అడుగుతారు. చాలా దేశాల్లో పెద్ద సంఖ్యలో జనం ప్రభుత్వమే పంపిందంటారు, మొదట్లో కాదని చెప్పినా సరే. ఇదే డేటాతో చేసిన పరిశోధనల్లో, ప్రభుత్వం పంపిందనుకున్నవాళ్లు పాలకుల మీద ఎక్కువ నమ్మకం చూపించినట్టు తేలింది. మీ సైనిక పాలన ప్రశ్నని ఈ రెండు గుంపులకీ విడివిడిగా చేసి చూడండి. తేడా పెద్దగా లేకపోతే మీ గైడ్‌కి చెప్పడానికి బలమైన మాట దొరికినట్టే, ఉంటే అదే మీ అధ్యాయం.

తర్వాత ఇన్వెస్టిగేటర్ నింపే ప్రశ్నలు: పక్కన ఎవరైనా ఉన్నారా, జవాబు చెప్పేముందు వేరేవాళ్లని అడిగారా, మాటలో నిజాయితీ కనిపించిందా. ఇన్వెస్టిగేటర్ ఆడా మగా, ఇంట్లో ఏ భాష మాట్లాడతారు అన్నదీ ఉంటుంది. అడిగినవాడిది తమ జాతే అయినప్పుడూ కానప్పుడూ జవాబులు మారుతున్నాయని 2016లో ఒక పరిశోధన వీటితోనే చూపించింది. "రాజకీయాల గురించి మాట్లాడేటప్పుడు జనం జాగ్రత్తపడాల్సి వస్తోందా" అనే ప్రశ్న కూడా కొన్ని రౌండ్లలో ఉంది, అది మీకు బంగారం.

"తెలియదు", "చెప్పను" అన్నవాళ్లను తీసేసి శాతాలు వేయకండి. సైన్యం రాకముందు రౌండుకీ వచ్చాక రౌండుకీ మధ్య ఆ రెండు జవాబులు ఎంత పెరిగాయో ముందు చూడండి. మొత్తం 39 దేశాల్లో మూడింట రెండొంతుల మంది ప్రజాస్వామ్యమే మేలన్నారు, అదే సమయంలో సైనిక పాలన వద్దనేవాళ్లు కొన్ని దేశాల్లో బాగా తగ్గారు, మాలీ, బుర్కినా అందులో ఉన్నాయి. రెండూ ఒకే మనిషి నోట ఎలా వస్తున్నాయి అన్నది నా దృష్టిలో మీ ప్రాజెక్టుకి అసలు ప్రశ్న. భయంతో చెప్పారా, ఎన్నికైన పాలకుల మీద విసిగి చెప్పారా అన్నది పై పద్ధతుల్లో కొంతైనా విడదీయగలరు.

అనంత_ఫీల్డ్:

ఒక్క మాట, "పక్కన భర్త ఉన్నాడు" అని ఇన్వెస్టిగేటర్ టిక్కు పెట్టిన ఇంటర్వ్యూలను తీసి పారేయకండి. మా దగ్గర కూడా ఆఫీసువాళ్లు అలాగే చేస్తారు. అప్పుడు ఒంటరిగా దొరికే ఆడవాళ్లే మిగులుతారు, అంటే ఉద్యోగం చేసేవాళ్లు, భర్త లేనివాళ్లు, ముసలివాళ్లు. విడిగా పెట్టి పోల్చండి. అలాగే ఆ సర్వే ఏ నెలలో జరిగిందో చూడండి, నాట్ల సమయంలో పగలు వెళ్తే ఇంట్లో ఎవరు దొరుకుతారో మీకు తెలుసు కదా.